రెండు అడుగులు ఎక్కువ

జూన్ 2, సోమవారం

ఈ పుస్తకంలో అంకెలు రాయనని ఒట్టు పెట్టుకున్నాను. అంకెలకి బావ ఇచ్చిన నీలం అట్ట పుస్తకం వేరే ఉంది. అందులో రోజూ మూడు రాయాలి: వంద మీటర్లు ఎన్ని సెకన్లలో పరిగెత్తాను, ఎన్ని అడుగులు వేశాను (ఫోన్ వీడియో ఆపుతూ నేనే లెక్కపెట్టుకోవాలి), సెకనుకి ఎన్ని అడుగులు పడ్డాయి. ఇది మాత్రం నా ఒక్కదానిది. పరుపు కింద ఉంటుంది. ఎదురుగా బావని ‘మీరు’ అంటాను. ఇక్కడ వాడు, వీడు అని రాసుకున్నా అడిగే దిక్కు లేదు. కానీ చెయ్యి రావడం లేదు. నాన్న వెనకే అమ్మ కూడా పోయిన దగ్గర్నుంచి ఎనిమిదేళ్ళుగా ఆయన ఇంట్లోనే తింటున్నాను కదా.

ఇవాళ 12.21 సెకన్లు. 51 అడుగులు. సెకనుకి 4.18.

ఒట్టు తీసి గట్టున పెట్టేశాను, మొదటి రోజే.

జూలై ఆరున సెలెక్షన్ పరుగు. మొదటి నలుగురిని జట్టులోకి తీసుకుంటారు, జట్టు హాస్టల్లో గది ఇస్తారు. నాతో పరిగెత్తే పొడుగమ్మాయి ఒకతె ఉంది, మేమంతా ఒంటె అంటాం. అది పోయినేడాది నుంచి ఆ హాస్టల్లోనే ఉంటోంది. దాని గది కిటికీలోంచి రోడ్డు కనిపిస్తుందట. నా గది ఒకప్పుడు సామాన్ల గది. ఇప్పుడూ సామాన్ల గదే, సామాన్లలో నేనూ ఒకదాన్ని. ఒక పక్క హర్డిల్సు, ఒక పక్క ఇసుక సంచులు, మధ్యలో నా మంచం. కిటికీ తెరిస్తే చెయ్యి చాపినంత దూరంలో పక్కింటి గోడ. ఆ గోడకి కిటికీ కూడా లేదు.

మంచానికి ఎదురుగా మా గోడ మీద బావ నీలం రంగుతో రాయించిన అంకెల వరుస ఒకటి ఉంది.

12.00 – 54 – 4.50

అది మా అక్కది. పద్నాలుగేళ్ళ కిందటిది. కళ్ళు తెరిస్తే మొదట కనిపించేది అదే, మూసేముందు చివర కనిపించేదీ అదే.

జూన్ 4, బుధవారం

బావ స్కూల్లో డ్రిల్లు మాస్టారు. పొద్దునా సాయంత్రం స్టేడియంలో మాకు కోచ్. స్కూలు పిల్లలు ఆయన్ని టిక్కు మాస్టారంటారు, ఆయనకీ తెలుసు, కోపం లేదు. సబ్బుపెట్టె అంత టిక్కు డబ్బా ఒకటి ఉంటుంది ఆయన దగ్గర. దాన్ని నా నడుముకి కడతాడు. నిమిషానికి రెండువందల డెబ్భై సార్లు టిక్కుమంటుంది. అంటే సెకనుకి నాలుగున్నర. ప్రతి టిక్కుకీ ఒక పాదం నేలని తాకాలి. అదే సిద్ధాంతం, అదే మతం.

“వేగం అంటే రెండే మరదలా,” అంటాడు. “ఒకటి అడుగు పొడవు, రెండోది అడుగుల జోరు. పొడవు దేవుడిచ్చేది. జోరు మనం తెచ్చుకునేది. దేవుడు నీ దగ్గరికొచ్చేసరికి చెయ్యి బిగబట్టాడు. ఇక జోరే నీకు దిక్కు.”

నేను ఐదడుగుల ఒక అంగుళం. నవ్వాను. ఎనిమిదేళ్ళుగా ఇదే మాటకి నవ్వుతున్నాను.

ఆయన అరవై మీటర్ల గీత దగ్గర నిలబడి “అడుగు! అడుగు! అడుగు!” అని అరుస్తాడు. ఇవాళ చెప్పుల దగ్గర ఒంటె నా చెవిలో, “ఏమడగమంటున్నాడే మీ బావ? పాపం అంత గొంతు చించుకుంటున్నాడు, ఏదో ఒకటి అడగరాదూ?” అంది. బావ వింటాడేమోనని దాని జబ్బ మీద గిల్లాను.

జూన్ 5

పళ్ళు కూడా రెండువందల డెబ్భైతో తోముతున్నాను. అక్క చూసింది. నవ్వలేదు.

జూన్ 9, సోమవారం

12.23. 53 అడుగులు. 4.33.

“చూశావా, జోరు వచ్చేసింది!” అని బావ నా వీపు చరిచాడు. “వేగం దాని వెనకే వస్తుంది, ఎద్దు వెనక బండిలాగ.”

బండి ఇంకా రాలేదు. పోయిన సోమవారం కంటే వందో వంతులు రెండు వెనకబడ్డాను. ఆ సంగతి ఆయన చూడలేదో, చూసి ఊరుకున్నాడో.

ఎడమ తొడ వెనక కొంచెం పట్టేసింది. నీళ్ళు తక్కువ తాగాను ఇవాళ.

జూన్ 12

కాలు బాగానే ఉంది.

జూన్ 14, శనివారం

కాలు బాగానే ఉంది.

ఒంటె నలభై ఏడు అడుగుల్లో వంద మీటర్లు అయిపోగొడుతుంది. దానికి హాస్టల్ కోచ్ ఏం చెబుతాడని అడిగాను. “పరిగెత్తమంటాడు,” అంది. అంతేనా అన్నాను. “అప్పుడప్పుడు భుజాలు దించమంటాడు.” తర్వాత నా వైపు కాసేపు చూసి, “నువ్వు కుట్టుమిషనులా అయిపోయావే ఈమధ్య. సూది తెగ ఆడుతోంది, మిషను మాత్రం బల్ల మీద నుంచి కదలట్లేదు. ఆ అడుగు నీది కాదు,” అంది.

కందకి లేని దురద కత్తిపీటకెందుకు అన్నాను. పెద్దగా నవ్వింది. సాయంత్రానికల్లా అందరూ నన్ను కుట్టుమిషను అంటున్నారు.

దురద కందకి లేదని ఎవరు చెప్పారు.

జూన్ 16, సోమవారం

నాలుగున్నర కొట్టాను!

12.22. 55 అడుగులు. 4.50. బావ స్టాప్‌వాచ్ ఎత్తి చూపిస్తూ ట్రాక్ అంతా తిరిగాడు. ఇంటికి వచ్చేదాకా నా బూట్ల సంచీ ఆయనే మోశాడు. అక్కకి గుమ్మంలోంచే కేక వేసి చెప్పాడు. అక్క చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చి, “మంచిది,” అంది. అంతే అంది. బావ ఇంకోసారి చెప్పాడు. “విన్నానండీ,” అంది.

పడుకుని గోడ మీది అంకెలు చూస్తుంటే ఇప్పుడు తడుతోంది. రెండో తారీఖున యాభై ఒక్క అడుగులకి ఎంత పట్టిందో, ఇవాళ యాభై ఐదు అడుగులకీ అంతే పట్టింది. ఇంకో వందో వంతు ఎక్కువే. నాలుగు అడుగులు ఎక్కువ వేశాను, ప్రతి అడుగూ చిన్నదైపోయింది. గానుగెద్దు కూడా పొద్దున్నుంచీ నడుస్తూనే ఉంటుంది.

ఆ మాట భోజనాల దగ్గర బావతో అన్నాను, మెల్లిగా. గానుగెద్దు సంగతి కాదు, వందో వంతు సంగతి.

“మీ అక్క ఇదే నాలుగున్నరతో పన్నెండు కొట్టింది,” అన్నాడు. “ఆవిడ వల్ల అయింది నీ వల్ల ఎందుకు కాదు? ఎక్కడో లోపం ఉంది. చూసి పట్టుకో.” జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి ఇచ్చాడు. అక్క ఆనాటి పరుగు పాత క్యాసెట్టులో ఉండేదట, వాళ్ళ స్కూలు కంప్యూటర్ సారు దాన్ని ఇందులోకి ఎక్కించి ఇచ్చాడట. “రోజుకి పదిసార్లు చూడు. కళ్ళతో తాగాలి.”

అక్క మజ్జిగ గిన్నె తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఇంకా ఎవరం మజ్జిగ పోసుకోలేదు.

జూన్ 17, మంగళవారం

అక్క పరిగెత్తడం నేను ఎప్పుడూ చూడలేదు. ఆ రోజుల్లో నాకు ఎనిమిదేళ్ళు, అమ్మ నన్ను తీసుకెళ్ళేది కాదు. నాకు తెలిసిన అక్క మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది, కుడికాలు ముందు వేసి ఎడమకాలు దాని పక్కకి తెచ్చుకుంటుంది. ఆ సంగతి ఇంట్లో ఎవరమూ మాట్లాడం.

తెర మీద అక్క వేరే మనిషి. నా ఎత్తే. కానీ కుట్టుమిషను కాదు. ప్రతి అడుగులో కాస్త గాలిలో ఉంటోంది, తొందరేమీ లేనట్టు. నాకు ఏడుపొచ్చింది. ఎందుకో రాయడం చేతకావడం లేదు.

గీత దాటాక ఆగలేదు. తొడ వెనక చెయ్యి పెట్టుకుని పక్కకి వెళ్ళిపోయింది. వీడియో అక్కడ అయిపోయింది.

అలవాటు కొద్దీ లెక్కపెట్టాను. యాభై రెండు.

ఎక్కడో తప్పాను.

జూన్ 18

52.

జూన్ 19, గురువారం

బొమ్మని ఒక్కో అడుగు దగ్గరా ఆపి, కాగితం మీద గీతలు గీసి లెక్కపెట్టాను. పది ఐదులు, ఒక రెండు. గీత దాటాక పడ్డ అడుగు కూడా అక్క కలుపుకుందేమో. అప్పుడు యాభై మూడు. పరుగు మొదట్లో కాళ్ళు ఆనించే బ్లాకు మీద నుంచి తోసిన తోపుని కూడా అడుగు అనుకుందేమో. అప్పుడు యాభై నాలుగు. సరిపోయింది.

సరిపోలేదు. బావ లెక్కలో ఆ రెండూ రావు. మొదట నేర్పింది ఆ పాఠమే.

యాభై రెండుని పన్నెండుతో భాగిస్తే 4.33. నేను తొమ్మిదో తారీఖునే అందుకున్న అంకె అది.

తిన్నింటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నేను వాసాలు లెక్కపెట్టలేదు, అడుగులు లెక్కపెట్టాను. పెద్ద తేడా లేదు అందులో. కాగితం చింపి కిటికీలోంచి రెండు గోడల మధ్య సందులో పడేశాను.

జూన్ 21, శనివారం

స్టేడియంలో ఫిజియో మేడమ్ దగ్గరికి వెళ్ళాను. విశ్రాంతి తీసుకోమంది. అందరికీ అలాగే చెబుతుంది ఆవిడ.

జూన్ 23, సోమవారం

12.24. 55. 4.49.

ఇవాళ ఉండబట్టలేక బావని కదిపాను. అక్క అడుగులు ఎవరు లెక్కపెట్టారు బావా అన్నాను, ఊరికే అన్నట్టు.

ఆయన ముఖం వెలిగిపోయింది. “ఇంకెవరు, మీ అక్కే. నా కళ్ళకి అవెక్కడ అందుతాయి! క్యాసెట్టు ఆపుతూ, తెర మీద వేలు పెట్టి, మధ్యాహ్నమంతా కూర్చుని లెక్కపెట్టింది. యాభై నాలుగు అని రాసి నా చేతిలో పెట్టింది. అప్పటిదాకా నా మాట ఎవడూ నమ్మలేదు మరదలా. జోరు అంటే నవ్వేవాళ్ళు. ఆ కాగితం చూశాక నా మీద నాకే నమ్మకం కుదిరింది. ఆ సాయంత్రమే మీ నాన్న దగ్గరికెళ్ళి పెళ్ళి మాట ఎత్తాను.” అక్క ఉన్న గది వైపు చూసి గొంతు తగ్గించాడు. “ఆ కాగితం ఇంకా పర్సులో ఉంది.”

తీసి చూపించాడు. మడతల దగ్గర చిరిగితే టేపు అంటించుకున్నాడు. అక్క చేతిరాత. 54.

నేను బాగుంది బావా అన్నాను. ఇంకేమనాలి? ఈ మనిషి నన్ను కొట్టలేదు, తిట్టలేదు, పద్నాలుగేళ్ళ పిల్లగా వచ్చినప్పటి నుంచి ఒక్క పూట నా బూట్లు తడిగా ఉండనివ్వలేదు. వాడు వీడు అని రాయలేకపోవడానికి కారణం ఇదే. గట్టిగా ద్వేషించడానికి వీలుంటే ఎంత హాయిగా ఉండేది.

జూన్ 26, గురువారం

కాలు బాగానే

శనివారం ఫిజియో మేడమ్ ఏమందో రాస్తాను, రాయకపోతే మర్చిపోయినట్టు నటిస్తాను. కండ మీద వేళ్ళు పెట్టి నొక్కింది. నేను మంచం అంచు పట్టుకున్నాను. “ఇది పట్టేయడం కాదమ్మా, చీలడం మొదలైంది. మూడు వారాలు పరుగు మానెయ్. మానకపోతే పూర్తిగా తెగుతుంది, తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు. మీ కోచ్‌కి చెప్పావా?” అంది. చెప్పాను అన్నాను.

చెప్పలేదు. బావతో నొప్పి గురించి మాట్లాడటం ఉండదు. “నొప్పిని పలకరించకూడదు మరదలా. పలకరిస్తే చుట్టంలా వచ్చి కూర్చుంటుంది,” అంటాడు. ఆయన ఎప్పుడూ అడిగేది ఒకటే: “ఎంత?”

మూడు వారాలంటే సెలెక్షన్ పోతుంది. సెలెక్షన్ పోతే ఈ గదిలో ఇంకో ఏడాది. పరిగెత్తితే కాలు పోతుంది. కాలు పోతే ఈ గదిలో ఎప్పటికీ. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యలో డబ్బా టిక్కు టిక్కుమంటోంది.

ఇవాళ మెట్లెక్కుతూ గోడ పట్టుకున్నాను. కుడికాలు ముందు వేసి ఎడమది దాని పక్కకి తెచ్చుకున్నాను. పైనుంచి అక్క చూసింది.

జూన్ 29, ఆదివారం

బావ స్కూలు ఆటల మీటింగుకి వెళ్ళాడు. అక్క మేడ మీద బట్టలు ఆరేస్తోంది. నేను బకెట్టు పట్టుకుని వెనకాలే వెళ్ళాను.

అడగనిదే అమ్మయినా పెట్టదు అనేది మా అమ్మ. అమ్మ లేదు, అమ్మ తర్వాత ఈవిడే. మెట్ల మీద ఆ మాట అనుకుంటూ, అరవై మీటర్ల దగ్గర బావ అరిచే అరుపు కూడా అదే కదా అనుకుంటూ ఎక్కాను. నవ్వొచ్చింది, భయమేసింది.

“అక్కా, యాభై రెండే కదూ?” అన్నాను.

అక్క తడి దుప్పటి దులుపుతూ ఆగింది. ఏమిటి యాభై రెండు అని కూడా అడగలేదు. దుప్పటి రెండో కొస నా చేతికి ఇచ్చింది. ఇద్దరం పట్టుకుని పిండాం.

“ఎన్నిసార్లు లెక్కపెట్టావ్?”

“ఎన్నిసార్లు పెట్టినా అంతే.”

“నేనూ మూడుసార్లు పెట్టాను,” అంది. “అంతే వచ్చింది. అప్పటికే నా కాలు బాగాలేదే. నాలుగున్నర వచ్చేదాకా డబ్బా తియ్యనన్నాడు మీ బావ. యాభై నాలుగు అని రాస్తే ఆ రోజుతో తీసేస్తాడు కదా అనుకున్నా. రెండడుగులే కదా, ఎవరికేం నష్టం అనుకున్నా.”

“తీశాడా?”

“తీశాడు. ఆ ఒక్క సాయంత్రం. మర్నాడు ‘నాలుగున్నర వచ్చిందిగా, ఇక నాలుగు అరవై’ అన్నాడు.” దుప్పటి తీగ మీద వేసి అంచులు సరిచేసింది. చాలాసేపు సరిచేసింది. “ఇరవై రోజులకి కాలు తెగింది.”

నాకు ఒళ్ళు మండిపోయింది. బకెట్టు కింద పడేశాను.

“మరి నన్నెందుకు చూస్తూ ఊరుకున్నావక్కా? నా కాలు కూడా పోతోందని తెలిసే ఊరుకున్నావా?”

“చెబుదామనే రోజూ అనుకుంటా. అనుకోవడం అయ్యేసరికి నువ్వు గ్రౌండుకి వెళ్ళిపోతావు.”

“ఎనిమిదేళ్ళు?”

“పద్నాలుగేళ్ళే పిచ్చిదానా. నీకంటే ముందు ఎంతమంది పిల్లలకి కట్టాడు ఆ డబ్బా.” ఏడవలేదు. ఏడ్చి ఉంటే నేను నాలుగు మాటలు అనగలిగేదాన్ని. “ఆయన ఆ కాగితం ముక్క మీద ఇల్లు కట్టుకున్నాడు. నన్ను చేసుకున్నదీ దాన్ని చూసే. ఇప్పుడు అది అబద్ధమంటే ఆయనకేం మిగులుతుంది? నాకేం మిగులుతుంది? ఆయనకి చెప్పకే. పెదవి దాటితే పృథివి దాటుతుంది. నీ పరుగు నువ్వు పరిగెత్తెయ్. ఆయన అరిస్తే వినకు. ఈ గడప దాటి వెళ్ళిపో.”

“నువ్వు?”

బకెట్టు తీసుకుని కిందికి దిగింది. గోడ పట్టుకుని.

జూన్ 30

అక్క మాట్లాడలేదు. నేనూ మాట్లాడలేదు. బావ ఇద్దరికీ జోకులు చెప్పాడు.

జూలై 2, బుధవారం

బూట్లు కాలికి రాసుకుంటున్నాయి, లేసులు సరిగా లేవు అని సాకులు చెప్పి పరుగు తప్పించుకున్నాను. బావ కొత్త లేసులు తెచ్చాడు. తనే ఎక్కించి ఇచ్చాడు.

జూలై 5, శనివారం

రేపే. డబ్బా పోటీలో కట్టుకోనివ్వరు. ఆ ఒక్కటీ నా వైపు ఉంది. మొదటి నలుగురిలో ఉంటే సోమవారం సంచీ సర్దుకుంటాను. ఈ పుస్తకం, రెండు జతల బూట్లు, నాలుగు జతల బట్టలు. సర్దడానికి పావుగంట కూడా పట్టదు. అక్క చెప్పినట్టు నా అడుగే వేస్తాను. ఆయన గొంతు వినను.

కాలు బాగానే ఉంది. కాలు బాగానే ఉంది.

జూలై 7, సోమవారం

రాయడానికి ఇవాళే చెయ్యి ఆడింది. కాలు రెండు దిండ్ల మీద పెట్టుకుని రాస్తున్నాను.

తుపాకీ పేలగానే బాగా లేచాను. ముప్పై దాటాక నడుం దగ్గర డబ్బా లేని తేలిక తెలిసింది. నా అడుగు నాకు దొరికింది. తెర మీద అక్క ఉన్నట్టే ఉన్నాను కాసేపు, తొందర లేకుండా, గాలిలో. ఒంటె పక్క వరుసలో అర మీటరు ముందుంది, ఇంకెవరూ నా ముందు లేరు. యాభై మీటర్ల దాకా నా జన్మలో అంత సుఖంగా పరిగెత్తలేదు. అది మాత్రం నా దగ్గర నుంచి ఎవరూ తీసుకోలేరు.

అరవై దగ్గర కంచె అవతల బావ ఉన్నాడు. “అడుగు! అడుగు! అడుగు!”

వినకూడదనే అనుకున్నాను. చెవులు వినలేదు. కాళ్ళు విన్నాయి. ఎనిమిదేళ్ళు ఆ గొంతుకి కదిలిన కాళ్ళు నా మాట వింటాయా? సూది ఆడటం మొదలుపెట్టింది. అడుగు చిన్నదైపోయింది. డెబ్భై దగ్గర ఒకరు దాటారు, ఎనభై దగ్గర ఇంకొకరు. ఎనభై ఐదు దగ్గర తొడ వెనక ఏదో పటుక్కుమంది. ఎలా పూర్తి చేశానో తెలియదు.

12.04. ఐదో స్థానం. నాలుగో అమ్మాయిది 12.02.

ఇంత బాగా నేనెప్పుడూ పరిగెత్తలేదు. అయినా ఐదో స్థానమే. ఒంటె నన్ను భుజం మీద వేసుకుని ఫిజియో గదికి తీసుకెళ్ళింది. దారిలో ఒక్క జోకు వెయ్యలేదు. మేడమ్ నన్ను చూసి తల అడ్డంగా ఊపి, కట్టు కట్టి, స్కానింగుకి రాసింది. స్కానింగులో ఏముందో ఇవాళ పొద్దున తెలిసింది. అక్కకి తెగినదే, అదే కాలు, అదే చోటు.

ఇవాళ మధ్యాహ్నం బావ నా గదికి వచ్చాడు. అక్క అప్పుడే ఐసు సంచీ మార్చి గుమ్మం దగ్గర నిలబడింది. బావ కట్టు వైపు చూడలేదు. నా పక్కన కూర్చుని ఫోన్ నా చేతిలో పెట్టాడు. కంచె అవతల నుంచి నా పరుగంతా తీయించాడు.

“సెలెక్షన్ పోతే పోయింది మరదలా, పన్నెండు దగ్గరికి వచ్చేశావ్! ఈసారి జోరు కచ్చితంగా వచ్చి ఉంటుంది. అది వచ్చి ఉంటే వచ్చే ఏడాది మనదే. నా కళ్ళకి అందవు, నువ్వే లెక్కపెట్టు. నీ చేత్తో నువ్వే రాయి.” నీలం అట్ట పుస్తకం తెరిచి, కలం మూత తీసి ఇచ్చాడు.

ఆపుతూ లెక్కపెట్టాను. తెర మీద వేలు పెట్టి. యాభై రెండు.

మళ్ళీ పెట్టాను. యాభై రెండు. మూడోసారీ పెట్టాను, ఎన్నిసార్లు పెట్టినా అంతేనని తెలిసి కూడా. ఎనిమిదేళ్ళు మా అక్క అంకె వెనక పడ్డాను. చివరికి దొరికింది. అదే అంకె, అదే కాలు, అదే మెట్లు.

యాభై రెండు అని రాస్తే ఇంకా జోరు రాలేదంటాడు. కాలు కుదరగానే మళ్ళీ డబ్బా, మళ్ళీ మొదటి నుంచి. యాభై నాలుగు అని రాస్తే, నాలుగున్నరకి వెంట్రుకవాసి తక్కువైనా, సంతోషిస్తాడు. సంతోషించి నాలుగు అరవై అంటాడు. ఎటు చూసినా ఈ గదే. కానీ యాభై నాలుగు అని రాస్తే ఈ ఒక్క సాయంత్రం ఎవరూ ఏమీ అనరు. ఎంత సులువో ఇప్పుడు తెలిసింది. రెండడుగులే కదా.

5 వేశాను. కలం ఆగిపోయింది.

“ఎంత?” అన్నాడు బావ.

నేను 5 పక్కన ఖాళీని చూస్తున్నాను. గుమ్మం దగ్గర అక్క ఊపిరి వినిపిస్తోంది.

“ఎంతే?”

“రెండు,” అంది అక్క.

బావ తల తిప్పాడు. అక్క గుమ్మం వదిలి లోపలికి వచ్చింది. వంగి నా చేతిలో కలం తీసుకుని 5 పక్కన 2 వేసింది. తర్వాత వెళ్ళి గోడ మీది అంకెల ముందు నిలబడింది. నీలం రంగు 54లో నాలుగు మీద అడ్డంగా ఒక గీత గీసింది. కలం గోడ మీద సరిగా పడలేదు, ఇంకోసారి గీసింది.

“యాభై రెండండీ. దానిది. నాదీ అంతే. అప్పుడు రెండు ఎక్కువ రాశాను,” అంది. “నా కాలు అప్పటికే బాగాలేదు.”

బావ చెయ్యి పర్సు ఉన్న జేబు మీదికి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. మా వైపు కాకుండా గోడ వైపు చూస్తూ ఉండిపోయాడు. అరుస్తాడనుకున్నాను. లేచి వెళ్ళిపోతాడనుకున్నాను. పెదవులు కదులుతున్నాయి, లోపల ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు. ఎంతమంది పిల్లలో, ఎన్నేళ్ళో.

గోడ మీద నుంచి చూపు తిప్పకుండానే, ఆయన నోట నేనెప్పుడూ వినని ప్రశ్న అడిగాడు.

“నొప్పిగా ఉందా?”

మా ఇద్దరిలో ఎవరిని అడిగాడో తెలియలేదు. ఇద్దరం ఒకేసారి “ఉంది” అన్నాం.